పగ్ జాతి శునకాలు: స్వభావం, శ్వాస ఇబ్బందులు, వేసవి సంరక్షణ

తెలుగు రాష్ట్రాలలో పగ్ జాతి కుక్కను ‘హచ్ కుక్క’ అని పిలిచేవారు ఇప్పటికీ కనిపిస్తారు. 2003లో హచ్ సెల్‌ఫోన్ సంస్థ ప్రకటనలో ఒక పసివాడు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంట నడిచిన కుక్క ఈ జాతిదే. 2007లో ఆ సంస్థ వొడాఫోన్ చేతికి వెళ్ళినా ప్రకటనలలో కుక్క మాత్రం కొనసాగింది. అంతవరకు పామేరియన్ తప్ప మరో చిన్న జాతిని అంతగా ఎరుగని పట్టణ కుటుంబాలు పగ్ పిల్లల కోసం వెతకడం ఆ తరువాత ఎక్కువైంది. అపార్ట్‌మెంటులో ఇమిడే పరిమాణం, పిల్లలతో కలిసిపోయే గుణం, మనిషి ముఖాన్ని తలపించే గుండ్రని ముఖం దాని ఆదరణకు కారణాలు. అయితే ప్రకటనలో దాని రూపం కనబడిందే గాని దాని ఊపిరి వినబడలేదు. ఇంటికి తెచ్చిన తరువాత, ముఖ్యంగా తొలి వేసవిలో, పోషకులకు వినబడేది అదే. ఈ జాతి పోషణలోని సమస్యలు చాలావరకు దాని ముఖ నిర్మాణం నుంచే పుడతాయి కనుక ఆ నిర్మాణాన్ని అర్థం చేసుకోవడం పోషకులకు మొదటి అవసరం.

పుట్టుక, రూపం

పగ్ చైనా దేశపు జాతి. అక్కడి రాజాస్థానాలలో ఒడిలో పెంచుకునే చిన్న కుక్కలుగా వీటి పూర్వీకులు పెరిగాయి. డచ్చి వర్తకుల నౌకల ద్వారా ఐరోపా చేరి, నెదర్లాండ్స్‌లోని ఆరెంజ్ రాజవంశానికి ప్రీతిపాత్రమయ్యాయి. ఆ వంశానికి చెందిన మూడవ విలియం 1689లో ఇంగ్లండు సింహాసనం ఎక్కడంతో అక్కడా వీటికి ప్రాచుర్యం లభించింది. ఆంగ్ల చిత్రకారుడు విలియం హోగార్త్ 1745లో గీసుకున్న స్వీయచిత్రంలో ఆయన పెంపుడు పగ్ కూడా ఉంది. ఈనాటి పగ్‌ను చూసినవారు ఆ చిత్రంలోని కుక్కను వెంటనే పోల్చుకోలేరు. దాని ముక్కు స్పష్టంగా ముందుకు పొడుచుకొని ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్ది రెండవ భాగంలో శునక ప్రదర్శనలు మొదలై, 1883లో బ్రిటన్‌లో ఈ జాతికి ప్రత్యేక సంఘం ఏర్పడిన తరువాత, చదునైన ముఖం గల కుక్కలనే ఎంచుకొని తరతరాలుగా జతకట్టించారు. అంటే నేడు మనం చూసే ముఖం ప్రకృతి ఇచ్చినది కాదు, మనిషి కోరి తెచ్చుకున్నది.

పెరిగిన పగ్ సుమారు 6 నుంచి 8 కిలోల బరువు, 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. లేత గోధుమ రంగు శరీరం, నల్లని ముఖం, నల్లని చెవులు సాధారణం. పూర్తిగా నల్లని పగ్‌లు కూడా ఉంటాయి. తోక నడుముపై చుట్ట చుట్టుకొని ఉంటుంది. బొచ్చు పొట్టిది కనుక రాలదని అమ్మకందారులు చెబుతుంటారు. అది నిజం కాదు. గోధుమ రంగు పగ్‌కు సాధారణంగా రెండు పొరల బొచ్చు ఉండి, ఏడాది పొడవునా రాలుతూనే ఉంటుంది. వారానికి రెండు మూడు సార్లు రబ్బరు బ్రష్‌తో దువ్వితే ఇల్లు కొంత శుభ్రంగా ఉంటుంది.

స్వభావం

వేట, కాపలా, మందను తోలడం వంటి పనుల కోసం మనిషి రూపొందించిన శునక జాతులు అనేకం. పగ్‌కు అటువంటి పని ఏదీ అప్పగించలేదు. మనిషికి తోడుగా ఉండటమే దాని పని. కాబట్టి అది ఒక గది నుంచి మరో గదికి వెంట నడవడం, వంటింటి గడప దగ్గర కూర్చోవడం, కుర్చీ కింద పాదాలను ఆనుకొని పడుకోవడం దాని సహజ ప్రవృత్తి. ఈ గుణమే ఒంటరితనాన్ని భరించలేని బలహీనత కూడా. భార్యాభర్తలిద్దరూ ఉదయం వెళ్ళి రాత్రికి వచ్చే ఇంట్లో పగ్‌ను రోజంతా తాళం వేసి ఉంచితే అది అరవడం, చెప్పులు, దిండ్లు కొరకడం, నేర్చుకున్న చోట కాక మరెక్కడో మూత్రం పోయడం మొదలుపెడుతుంది. దానిని మొండితనంగా భావించి కొట్టడం వలన ఆందోళన పెరుగుతుందే గాని అలవాటు మారదు. పిల్ల దశ నుంచే పది నిమిషాలతో మొదలుపెట్టి క్రమంగా ఒంటరిగా ఉండే వ్యవధిని పెంచుతూ అలవాటు చేయాలి. పెద్దలెవరూ పగటిపూట ఇంట్లో ఉండని కుటుంబాలు ఈ జాతిని ఎంచుకోకపోవడమే మేలు.

కరిచే గుణం పగ్‌లో తక్కువ. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కళాశాల పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఈ జాతికి ఇతర కుక్కల కన్నా తక్కువగా నమోదైన కొద్ది సమస్యలలో దూకుడు స్వభావం ఒకటి. ఇంటికి కాపలా కావాలనుకునేవారికి మాత్రం పగ్ నిరాశే మిగులుస్తుంది. కొత్తవారు వస్తే ఒకటి రెండు సార్లు అరిచి, ఆపై వారి ఒడిలోకే చేరుతుంది. కాపలాకు వీధిలో పుట్టి పెరిగిన మన ఊరకుక్కకు సాటి రాదు.

పిల్లలున్న ఇంట్లో పగ్ వలన పిల్లలకు కలిగే ప్రమాదం కన్నా పిల్లల వలన పగ్‌కు కలిగే ప్రమాదమే ఎక్కువ. మెడ పట్టి గుంజడం, గట్టిగా అదిమి ఎత్తుకోవడం దాని కళ్ళకు, ఊపిరికి చేటు చేస్తాయి. పిల్లి ఉన్న ఇంట్లో కూడా జాగ్రత్త అవసరం. పొడవాటి ముక్కు గల కుక్క పిల్లిని వాసన చూడబోతే గోరు ముక్కుకు తగులుతుంది. పగ్‌కు నేరుగా కంటికి తగులుతుంది.

తిండి మీద ఆశ ఎక్కువ కాబట్టి శిక్షణ సులభం. పిలిస్తే రావడం, కూర్చోవడం, నిర్ణీత స్థలంలో మలమూత్ర విసర్జన చేయడం వంటివి చిన్న చిన్న తినుబండారాల సాయంతో నేర్పవచ్చు. ఆ తినుబండారాలను రోజువారీ మేత నుంచే తీసి ఇవ్వాలి, అదనంగా ఇవ్వరాదు. ఎందుకో ఆహారం గురించిన భాగంలో తెలుస్తుంది.

పొట్టి ముక్కు వెనుక

పగ్ కపాలపు ఎముకలు కురచబడ్డాయి. కాని వాటి లోపల ఉండవలసిన మృదు కణజాలం అదే నిష్పత్తిలో తగ్గలేదు. పెద్ద పరుపును చిన్న పెట్టెలో కుక్కినట్లు నాలుక, అంగిలి, ముక్కులోని పొరలు ఇరుకు స్థలంలో సర్దుకోవలసి వచ్చింది. దీని ఫలితం శ్వాసమార్గం పొడవునా కనబడుతుంది. నాసారంధ్రాలు గుండ్రంగా కాక సన్నని గీతల్లా ఉంటాయి. ముక్కు లోపలి చుట్టల వంటి ఎముకలు గాలి దారికి అడ్డుగా పెరుగుతాయి. అంగిలి వెనుక ఉండే మెత్తని భాగం అవసరానికి మించి పొడవుగా, మందంగా ఉండి స్వరపేటిక ద్వారం మీదికి వేలాడుతుంది. కొన్నింటిలో శ్వాసనాళం కూడా సన్నగానే ఉంటుంది.

సన్నని గొట్టంతో చిక్కని మజ్జిగ పీల్చేవారు బుగ్గలు లోపలికి పోయేలా లాగవలసి వస్తుంది. ప్రతి శ్వాసకు పగ్ చేసే పని అటువంటిదే. ఆ లాగుడు వలన గొంతులోని పొరలు ఉబ్బి లోపలికి వస్తాయి, మార్గం మరింత ఇరుకవుతుంది, మరింత బలంగా లాగవలసి వస్తుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే స్వరపేటికలోని మృదులాస్థి పటుత్వం కోల్పోయి లోనికి కుంగుతుంది. ఆ దశకు చేరిన తరువాత చికిత్స కష్టం.

దీనిని పోషకులు గుర్తించలేకపోవడానికి ఒక కారణం ఉంది. గురక, గరగర శబ్దం, చీదడం ఆ జాతి లక్షణమని అందరూ చెబుతారు. ఆ శబ్దం ఎంత సాధారణమైనా ఆరోగ్యకరం కాదు. అది గాలి అడ్డంకిని దాటుతున్న చప్పుడు. మెలకువగా, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా శబ్దం వినబడటం, కొద్ది దూరం నడవగానే ఆగిపోవడం, తల ఎత్తి పెట్టుకొని గాని కూర్చొని గాని నిద్రపోవడం, నోట్లో బొమ్మను కరచుకొని నిద్రపోవడం, తిన్న వెంటనే నురుగుతో కక్కడం, నాలుక, చిగుళ్ళు నీలివర్ణానికి మారడం, సొమ్మసిల్లి పడిపోవడం — ఇవి పశువైద్యునికి చూపించవలసిన సంకేతాలు. చివరి రెండూ కనబడితే అదే గంటలో చూపించాలి.

పైన పేర్కొన్న బ్రిటన్ అధ్యయనంలో 4,308 పగ్‌ల వైద్య రికార్డులను ఇతర కుక్కల రికార్డులతో పోల్చారు. ఈ శ్వాసమార్గ అవరోధ వ్యాధి పగ్‌లలో నమోదయ్యే అవకాశం ఇతర కుక్కలతో పోలిస్తే సుమారు 54 రెట్లు ఎక్కువని, కార్నియా పుండ్లకు అది 13 రెట్లు, చర్మపు ముడతల్లో చీముకు 11 రెట్లు, స్థూలకాయానికి 3.4 రెట్లు ఎక్కువని తేలింది. ఈ జాతిని ఆరోగ్యరీత్యా మామూలు కుక్కగా పరిగణించలేమని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. అవి బ్రిటన్ అంకెలు. అక్కడి వేసవి మన మాఘమాసపు మధ్యాహ్నం వంటిదని గుర్తుంచుకుంటే ఇక్కడి పోషకునికి వాటి బరువు మరింత తెలుస్తుంది.

వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సులభమైన పద్ధతిని రూపొందించారు. పశువైద్యుడు ముందుగా కుక్క గొంతుపై స్టెతస్కోపు ఉంచి వింటాడు. తరువాత మూడు నిమిషాల పాటు దానిని చురుకుగా నడిపించి మళ్ళీ వింటాడు. వినబడిన శబ్దాన్ని, శ్వాస కోసం పడే ప్రయాసను బట్టి 0 నుంచి 3 వరకు శ్రేణి ఇస్తాడు. పరికరాల ఖర్చు లేని ఈ పరీక్షను ఏ పట్టణంలోనైనా చేయవచ్చు. తీవ్రత ఎక్కువగా ఉన్న కుక్కలకు నాసారంధ్రాలను వెడల్పు చేయడం, పొడవైన మృదు అంగిలిని కత్తిరించడం ద్వారా ఉపశమనం కలిగించవచ్చు. స్వరపేటిక కుంగకముందే చేసిన శస్త్రచికిత్స ఎక్కువ ఫలితమిస్తుంది. ఏ శస్త్రచికిత్సకైనా మత్తు ఇచ్చినప్పుడు పగ్‌కు అసలు గండం మత్తు దిగే సమయంలో ఉంటుంది. గొంతులోని శ్వాస గొట్టాన్ని కుక్క పూర్తిగా తేరుకొని తల ఎత్తే వరకు తీయకుండా ఉంచి, ఆ తరువాత కూడా కొన్ని గంటలు కనిపెట్టి చూడాలి. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సకు తీసుకువెళ్ళేటప్పుడు పోషకులు ఈ ఏర్పాటు ఉందో లేదో ముందుగా అడిగి తెలుసుకోవడం తప్పు కాదు.

మన వేసవిలో పగ్

మనిషి చెమట పట్టి చల్లబడతాడు. కుక్కకు చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల అడుగున మాత్రమే ఉంటాయి, వాటి వలన శరీరం పెద్దగా చల్లబడదు. నోరు తెరచి వగర్చడమే దాని ప్రధాన సాధనం. వేగంగా ఆడే గాలి ముక్కులోని, నోటిలోని తడి పొరల మీదుగా పోతూ నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరితో పాటు వేడి బయటికి పోతుంది. పొడవైన ముక్కు గల కుక్కకు ఈ తడి పొరల వైశాల్యం ఎక్కువ. పగ్‌కు ఆ వైశాల్యం తక్కువ కావడమే కాక, ఇరుకు మార్గం గుండా వగర్చడానికి కండరాలు శ్రమించి అదనంగా వేడిని పుట్టిస్తాయి. చల్లబరచవలసిన యంత్రమే వేడెక్కుతుందన్నమాట.

ఇక్కడ గాలిలోని తేమను ప్రత్యేకంగా గమనించాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకిన రోజులు ఉన్నాయి. ఆ వేడిని చూసి పోషకులు సహజంగానే భయపడి కుక్కను లోపల ఉంచుతారు. విశాఖపట్నంలోనో కాకినాడలోనో 34 డిగ్రీలే కదా అని సాయంత్రం షికారుకు తీసుకువెళ్తారు. ఉక్కపోత ఉన్నప్పుడు గాలి ఇప్పటికే తేమతో నిండి ఉంటుంది కనుక కుక్క ఎంత వగర్చినా నీరు ఆవిరి కాదు, వేడి బయటికి పోదు. కోస్తాలో 34 డిగ్రీల సాయంత్రం, అనంతపురంలో పొడి గాలి వీచే అంతకు మించిన ఎండ కన్నా పగ్‌కు ప్రమాదకరం కావచ్చు. నీళ్ళ కూలర్ల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. రాయలసీమలో, తెలంగాణలో కిటికీ తెరచి నడిపే కూలర్ బాగా పనిచేస్తుంది. తీరప్రాంతంలో, అందునా తలుపులు మూసిన గదిలో, అది తేమను పెంచి మేలు కన్నా కీడే చేస్తుంది. అక్కడ ఫ్యాను గాలి, గచ్చు నేల, వీలైతే ఏసీ తప్ప మార్గం లేదు.

ఏసీ గదిలో పగ్‌ను ఉంచి తాళం వేసి వెళ్ళేవారు కరెంటు పోయే సంగతిని లెక్కలో వేసుకోవాలి. మూసిన గది త్వరగా వేడెక్కుతుంది. స్నానాల గది తలుపు తెరచి ఉంచి, రెండు మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు పెట్టి, పొరుగువారికి తాళంచెవి ఇవ్వడం కనీస జాగ్రత్త. నిలిపి ఉంచిన కారులో అయిదు నిమిషాలైనా వదలరాదు.

నడకకు తెల్లవారుజామున ఆరు గంటలకు ముందు సమయమే వేసవిలో తగినది. సూర్యుడు అస్తమించినా తారు రోడ్డు, సిమెంటు గచ్చు రాత్రి వరకు వేడిని వదలవు. పగ్ కడుపు ఆ నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది. అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేలపై కుక్కను నడిపించరాదు. మెడకు పట్టీ కట్టి లాగడం ఇరుకు శ్వాసమార్గాన్ని మరింత నొక్కుతుంది, కళ్ళపై ఒత్తిడి పెంచుతుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ మాత్రమే వాడాలి. దోమల చుట్టలు, అగరువత్తుల పొగ నిండిన గదిలో పగ్‌ను పడుకోబెట్టరాదు.

వడదెబ్బ లక్షణాలు త్వరగా ముదురుతాయి. వగర్పు ఆగకుండా, బిగ్గరగా సాగుతుంది, చొంగ తీగలుగా కారుతుంది, చిగుళ్ళు ఎర్రగా మారి తరువాత పాలిపోతాయి, కాళ్ళు తడబడతాయి, వాంతి, విరేచనం కావచ్చు, రక్తం కూడా పడవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం.

చల్లబరచడం ముందు, ఆసుపత్రి తరువాత అన్నది ఇప్పుడు పశువైద్యులు ఒప్పుకున్న క్రమం. కుక్కను నీడకు చేర్చి, ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి భాగం తడిసేలా నీళ్ళు పోస్తూ ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. కుళాయి నీళ్ళు చాలు. మంచునీటి కోసం వెతుకుతూ కాలయాపన చేయరాదు. మేడమీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే వేడి నీళ్ళను మాత్రం పోయరాదు, బిందెలోని నీళ్ళు మంచివి. తడి తువ్వాలు కప్పి వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. కొద్దిసేపటికి ఆ తువ్వాలే వెచ్చబడి దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్రలు వడదెబ్బపై పనిచేయవు; మనుషులకు వాడే పారాసిటమాల్ కుక్క కాలేయానికి హాని చేయవచ్చు. థర్మామీటరు ఉంటే మలద్వారం ద్వారా చూస్తూ 39.5 డిగ్రీలకు దిగగానే నీళ్ళు పోయడం ఆపి, తడి ఒంటితోనే, కిటికీలు తెరచిన వాహనంలో వైద్యుని వద్దకు చేర్చాలి. కుక్క లేచి తిరుగుతున్నా చూపించడం మానరాదు. మూత్రపిండాలు దెబ్బతినడం, రక్తం గడ్డకట్టే శక్తి నశించడం వంటివి ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంటాయి.

కళ్ళు, ముడతలు, పళ్ళు

కంటిగుంట లోతు లేకపోవడం వలన పగ్ కనుగుడ్లు బయటికి ఉబికి ఉంటాయి. రెప్పలు పూర్తిగా మూతపడక కొన్ని కుక్కలు కళ్ళు కొద్దిగా తెరచుకొనే నిద్రపోతాయి. దానివలన కార్నియా మధ్య భాగం ఎండిపోతుంది. ముక్కుపై ముడత వెంట్రుకలు కంటికి రాసుకోవడం, దుమ్ము, గడ్డిపోచ — ఏదైనా పుండుకు కారణం కావచ్చు. కన్ను మూసి ఉంచడం, నీరు కారడం, కాలితో రుద్దుకోవడం, కంటిపై నీలి తెలుపు మచ్చ కనబడటం అత్యవసర లక్షణాలు. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయరాదు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే పుండు లోతుకు పోయి కన్నే పోతుంది. కన్నీరు ఎంత ఊరుతోందో షిర్మర్ కాగితపు పట్టీతో ఒక్క నిమిషంలో తెలుసుకోవచ్చు. 15 మిల్లీమీటర్లు, అంతకు పైన తడిస్తే మంచిది. 10కి లోపైతే పొడి కంటి వ్యాధిని అనుమానించాలి. ఏడాదికొకసారి టీకాతో పాటే ఈ పరీక్ష చేయించడం మంచి అలవాటు. దెబ్బ తగిలి కనుగుడ్డు బయటికి వస్తే శుభ్రమైన సెలైన్‌తో తడిపిన గుడ్డ కప్పి, నొక్కకుండా, తక్షణం తీసుకువెళ్ళాలి.

ముఖంపై ముడతల్లో కన్నీరు, చొంగ, దుమ్ము చేరి వేడికి నానుతాయి. రోజు విడిచి రోజు తడి దూదితో ముడత లోపల తుడిచి, పొడి గుడ్డతో పూర్తిగా ఆరబెట్టాలి. ఎర్రబడి వాసన వస్తుంటే మందు అవసరం. టాల్కం పౌడరు అద్దడం మన ఇళ్ళలో ఎక్కువ. తడికి అది పిండిలా గట్టిపడి చర్మాన్ని ఒరుస్తుంది.

ఇతర కుక్కలకు లాగే పగ్‌కు కూడా 42 శాశ్వత దంతాలు వస్తాయి. దవడ మాత్రం కురచ. దంతాలు అడ్డంగా తిరిగి, ఒకదానిపై ఒకటి ఎక్కి, మధ్యలో ఆహారం ఇరుక్కుంటుంది. కుక్కల కోసం తయారయ్యే పేస్టుతో రోజూ తోమడం పిల్లగా ఉన్నప్పుడే అలవాటు చేస్తే సాధ్యమవుతుంది, పెద్దయ్యాక కష్టం.

ఆహారం

పగ్‌కు ఆకలి ఎప్పుడూ ఉంటుంది, లేదా ఉన్నట్లు కనబడుతుంది. బరువు పెరిగిన పగ్‌కు గొంతు చుట్టూ, ఛాతీ మీద కొవ్వు చేరి ఇరుకు శ్వాసమార్గం మరింత ఇరుకవుతుంది, శరీరం వేడిని వదలలేదు. స్థూలకాయం తగ్గించడం వలన శ్వాస మెరుగుపడటం పశువైద్యులు తరచూ గమనించే విషయం.

శరీర బరువును 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణిస్తే విశ్రాంతి స్థితిలో కుక్కకు రోజుకు కావలసిన శక్తి కిలో కేలరీలలో వస్తుంది. 7 కిలోల పగ్‌కు ఇది సుమారు 300. ఇంట్లోనే ఉండే పెద్ద కుక్కకు దానికి 1.2 నుంచి 1.6 రెట్లు, అంటే 360 నుంచి 480 కిలో కేలరీలు చాలు. వంద గ్రాముల గ్లూకోజ్ బిస్కెట్లలో దాదాపు 450 కిలో కేలరీలు ఉంటాయి. ఇంటిల్లిపాదీ ముద్దు చేస్తూ తలా రెండు బిస్కెట్లు పెట్టే ఇంట్లో సాయంత్రానికి కుక్కకు రోజంతటి మేత బిస్కెట్లలోనే ముగుస్తుంది. గిన్నెలో పెట్టే అన్నమంతా కొవ్వే. ఇంట్లో ఒక్కరే మేత పెట్టే బాధ్యత తీసుకొని, ఉదయం ఆ రోజు మేతను కొలిచి ఒక డబ్బాలో వేసి, బహుమతులతో సహా అందులోంచే ఇవ్వడం ఆచరణలో బాగా పనిచేసే పద్ధతి.

ఒట్టి పెరుగన్నంతో కుక్కకు కావలసిన మాంసకృత్తులు అందవు. ఇంటి వంట పెట్టేవారు ఎముకలు తీసిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు, గుమ్మడి, క్యారెట్ వంటి కూరగాయలతో పశువైద్యుని సలహాపై పాళ్ళు నిర్ణయించుకోవాలి. ఖనిజ మిశ్రమం కలపాలి. సాంబారు, కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి ఉడికినా కుక్క ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా విషతుల్యాలు కనుక పాయసం గిన్నెను కుక్క నాకేలా వదలరాదు. పక్కటెముకలు చేతికి తగులుతూ, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనబడితే బరువు సరిగా ఉన్నట్టు. గుండ్రంగా పీపాలా ఉన్న పగ్ అందంగా ఉందని మెచ్చుకోవడం మానాలి.

టీకాలు, ఇతర వ్యాధులు

టీకాల విషయంలో పగ్‌కు ప్రత్యేకత ఏమీ లేదు. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టోస్పైరా కలిపిన టీకాను 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు వచ్చే వరకు మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపై ఏటేటా. వర్షాకాలంలో పిడుదుల ద్వారా ఎర్లికియా, బబీసియా వ్యాధులు సోకుతాయి. మందకొడిగా ఉండి, చిగుళ్ళు పాలిపోయిన కుక్కకు రక్తపరీక్ష చేయించాలి.

నునుపైన గ్రానైటు, టైల్స్ నేలపై పగ్ కాళ్ళు జారుతుంటాయి. మోకాటి చిప్ప తొలగడం, తుంటి కీలు లోపం ఈ జాతిలో ఉన్నవే కనుక అది తిరిగే చోట చాపలు, పట్టాలు పరచాలి. చుట్టిన తోకకు కారణమైన వెన్నుపూసల వక్రత కొన్నిటిలో నడుము వరకు ఉంటుంది. వయసు మళ్ళిన పగ్ వెనుక కాళ్ళను ఈడుస్తూ, గోళ్ళు ఒక పక్కకు అరిగి కనబడితే దానిని ముసలితనంగా కొట్టివేయరాదు. పడుచు వయసులోని పగ్‌కు మూర్ఛలు వస్తే ఈ జాతికే పేరు తెచ్చిన మెదడువాపు వ్యాధిని అనుమానించాలి. ఇది వంశపారంపర్య ధోరణి గలది. మందులతో కొంతకాలం అదుపు చేయవచ్చునేమో గాని నయం కాదు.

పిల్లను ఎంచుకోవడం

జాతి బాధను తగ్గించే అసలు అవకాశం కొనేవారి చేతిలో, జతకట్టించేవారి చేతిలో ఉంది. పగ్ ఐరోపాలో అడుగుపెట్టిన నెదర్లాండ్స్‌లోనే నేడు కపాలంతో పోల్చి ముక్కు పొడవుకు కనీస నిష్పత్తి నిర్ణయించి, అంతకన్నా పొట్టి ముక్కు గల కుక్కలను సంతానోత్పత్తికి వాడకుండా నిబంధన అమలు చేస్తున్నారు. మన దేశంలో అటువంటి నిబంధన లేదు. అయితే 2017 నాటి శునక పెంపకం, విక్రయ నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను జతకట్టించరాదు. ఏడాదికి ఒక్క ఈతకు, జీవితకాలంలో అయిదు ఈతలకు మించరాదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. నెల రోజుల పిల్లను అట్టపెట్టెలో తెచ్చి ఇచ్చే అమ్మకందారు వద్ద కొనడం ఈ నియమాలను ఉల్లంఘించేవారికి సాయపడటమే. పిల్లల తలలు పెద్దవి, తల్లి కటి ఇరుకు కావడం వలన పగ్‌లకు ఈత సమయంలో సిజేరియన్ అవసరం తరచుగా పడుతుంది. ఇంట్లో సరదాకు ఒక ఈత వేయిద్దామనుకునేవారు ఈ ఖర్చును, తల్లికి ఉన్న ప్రమాదాన్ని ముందే ఎరిగి ఉండాలి.

పిల్లను చూడబోయినప్పుడు దాని తల్లిని కూడా చూపించమని అడగాలి. నాసారంధ్రాలు తెరచుకొని ఉన్నాయా, ముక్కు కొంతైనా ముందుకు ఉందా, ముక్కుపై ముడత కళ్ళను తాకుతోందా గమనించాలి. ఆ తరువాత తల్లిని చల్లటి పూట మూడు నిమిషాలు చురుకుగా నడిపించి, నిశ్శబ్దంగా నిలబడి దాని ఊపిరి వినాలి. గరగర వినబడితే, లేదా అమ్మకందారు తల్లిని నడిపించడానికి ఒప్పుకోకపోతే, ఆ ఈతలో పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా తీసుకోకుండా తిరిగి రావాలి.